దాచమన్న తీర్పు

కొచ్కోర్,
అక్టోబరు 14.

నా చిన్నకొడుకు ఎర్మెక్‌ని అమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, నీ కూతురు మేరిమ్ క్షేమం. పై ఊళ్ళో మీ అన్నయ్య సగిన్, వాడి పెళ్ళాం పిల్లలు కూడా క్షేమమే. ఆ ముళ్ళకంచె వెనక నువ్వూ ఒంట్లో సుఖంగా ఉన్నావనీ, దగ్గు తగ్గిందనీ అనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అందడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. మధ్యలో ఎవరెవరు చదివారో గానీ నా దగ్గరికి వచ్చేసరికి మడతలు చిరిగి, గొర్రె నమిలి వదిలేసినట్టుంది. అయినా ఒక్క అక్షరం వదలకుండా చదివాను. నువ్వు ఆరు ప్రశ్నలు అడిగావు. అయిదింటికి వరసగా చెబుతాను. ఆరోదానికి జవాబు చివర్లో ఉంది. నీ సంగతి నాకు తెలుసు, ముందు అక్కడికే దూకుతావు. దూకకు. తిన్నగా చదువు.

ఉన్ని మేజోళ్ళు ఎందుకు పంపలేదని అడిగావు. పంపాను బాబూ. నలుపు ఒక జత, బూడిదరంగు ఒక జత. నీకు అందలేదంటే ఎవడి కాళ్ళో వెచ్చగా ఉన్నాయన్నమాట. మళ్ళీ అల్లాను. ఈసారి ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. కొట్టేసినవాడు వేసుకుని నలుగురిలో తిరగడానికి సిగ్గుపడాలి. నువ్వు మాత్రం సిగ్గుపడకు. దగ్గుకి గొర్రె తోక కొవ్వు కరిగించి చిన్న సీసాలో పోశాను, వేడి పాలు దొరికిన రోజున ఒక చెంచా కలుపుకుని తాగు. పాలు దొరక్కపోతే టీలో అయినా సరే. వాసన అంటావు. వాసనకి చచ్చినవాడు లేడు, దగ్గుకి చచ్చినవాళ్ళు మన వీధిలోనే ఇద్దరున్నారు.

ఎర్రావు ఈనింది. కోడెదూడ. తల్లి కోపమంతా దూడకి వచ్చింది, పాలు పితకడానికి కూర్చుంటే వెనకనుంచి వచ్చి నా తలగుడ్డ లాగుతుంది. దాన్ని పై ఊళ్ళో సగిన్ దగ్గర వదిలేద్దామనుకున్నాను గానీ మేరిమ్ ఒప్పుకోలేదు. ఇక్కడే పెరట్లో ఉంది. బంగాళాదుంపలు తవ్వేశాం, పదకొండు బస్తాలు అయ్యాయి. కొండల మీద నిన్ననే మంచు పడింది.

వేసవిలో నిన్ను చూడ్డానికి ఎందుకు రాలేదని కోపపడ్డావు. కాళ్ళ నొప్పులని రాశాను కదా. నొప్పులు నిజమే. రాకపోవడానికి కారణం మాత్రం అవి కాదు. నీ ముఖం చూస్తూ అబద్ధం చెప్పలేను, నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అందుకే ఆగిపోయాను. ఆ సంగతి కూడా చివరికే వస్తుంది.

మేరిమ్ నీ ఉత్తరాలు చదువుతుందా అని అడిగావు. చదవదు. నిన్ను సంతోషపెట్టడానికి చదువుతుందని రాయగలను, కానీ ఈ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా రాయకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. నీ ఉత్తరాలన్నీ కట్ట కట్టి కిటికీ పక్క అలమరలో పెట్టాను. ఎక్కడున్నాయో దానికి తెలుసు. ఎప్పుడైనా చదవాలనిపిస్తే తీసుకుంటుంది. పన్నెండేళ్ళు నిండాయి, ఎత్తులో నన్ను మించిపోయింది. లెక్కల్లో బడికంతటికీ మొదటిది. బడి నుంచి రాగానే వెనక గదిలోకి వెళ్ళిపోతుంది. వాళ్ళమ్మ కత్తిరించి పెట్టుకున్న కంబళి ముక్కలు, గొర్రెకొమ్ము నమూనాలు అన్నీ అక్కడే ఉన్నాయి. జిపార్ సగంలో వదిలేసిన తివాచీని ఇది పూర్తి చేస్తోంది. మొదట్లో కుట్లు వంకర. ఇప్పుడు ఏది తల్లి కుట్టో ఏది పిల్ల కుట్టో నాకు తెలియడం లేదు.

ఇక అయిదో ప్రశ్న. అన్నయ్య నా వాటా అమ్మాడా అని అడిగావు. అమ్మలేదు. అమ్మడానికి వచ్చాడు.

మే నెలలో ఒక శనివారం పొద్దున్నే సగిన్ కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. వాడితోపాటు ఎవరో లావుపాటి ఆయన దిగాడు. నమస్కారం పెట్టాడో లేదో, జేబులోంచి టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టాడు.

"అమ్మా, ముందు టీ పొయ్యి, తర్వాత తిడుదువుగాని," అన్నాడు సగిన్.

"టీ పోస్తాను. ఆ టేపాయన ఎవరో ముందు చెప్పు."

"కొనే ఆయన. రోడ్డు పక్కిల్లు కదా, టైర్ల కొట్టు పెట్టుకుంటాడట."

"ఇల్లు అమ్ముతున్నామని నాకు చెప్పావా?"

"ఇల్లు కాదమ్మా, తమ్ముడి వాటా. ఇల్లు జిపార్‌కి వాళ్ళ నాన్న రాసిచ్చింది కదా. ఆమె పోయింది కాబట్టి మొగుడికో వాటా, కూతురికో వాటా, తల్లికో వాటా. మూడో వంతు తమ్ముడిది. తన బదులు నన్ను అమ్మమని వాడు అక్కణ్ణించి అధికారపత్రం పంపాడు, జైలు అధికారి ముద్ర కూడా వేశాడు. నోటరీ దగ్గర కాగితాలు నడుస్తున్నాయి."

"మూడో వంతు అంటే ఏ గోడ? పొయ్యి ఉన్న గోడా, కిటికీ ఉన్న గోడా?"

"గోడలు విడదీయలేం కాబట్టే మొత్తం అమ్మి పంచుకోవాలి. మేరిమ్ వాటా దాని పేరున బ్యాంకులో వేద్దాం. నువ్వూ అదీ మా ఇంటికొచ్చెయ్యండి. నేను దాన్ని పస్తు పెడతానా?"

పస్తు పెట్టడు. మీ అన్నయ్య చెడ్డవాడు కాదు, నీకూ తెలుసు. తమ్ముడు బయటికొచ్చేసరికి వాడికంటూ ఏదో ఒకటి ఉండాలని వాడి బాధ. టేపాయన అప్పటికి వెనక గదిదాకా వెళ్ళాడు. మేరిమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లోపల అమ్మ సామాను ఉంది. చెప్పులు విప్పి రండి," అంది. ఆయన టేపు చుట్టేసి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పిల్ల అన్నం ముట్టలేదు. "నానమ్మా, ఆయన వచ్చాక ఈ తివాచీ ఎక్కడ కుట్టుకోవాలి?" అని అడిగింది. నేను కంచం దాని ముందుకి జరిపాను.

నువ్వు పత్రం పంపావన్న సంగతి ఆ రోజే నాకు తెలిసింది. నాతో ఒక్క మాట అనలేదు నువ్వు. చాలా బాధపడ్డాను. కోపం కూడా వచ్చింది, అది దాచను.

ఇప్పుడు ఆరో ప్రశ్న. "నా వాటా ఆపమని కోర్టులో ఎవరో కేసు వేశారని అన్నయ్య చెప్పాడు. అత్తగారే అయ్యుంటుంది. రాజీ అయిపోయాక ఇదేం పని? వెళ్ళి ఆవిణ్ణి నాలుగు దులిపి రా" అని రాశావు.

నీ అత్తగారు ఉల్కాన్ దగ్గరికి నువ్వు చెప్పకముందే, జూన్‌లోనే వెళ్ళాను. దులపడానికి కాదు. ఆ రాజీ జరిగిన రోజు తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మన పెద్దమనుషులు ఏడుగురు కలిసి గుర్రాన్నీ, దాని పిల్లనీ తోలుకెళ్ళి వాళ్ళ పెరట్లో కట్టేసి, "జరిగింది జరిగిపోయింది, ఇక మీ వైపు నుంచి ఏ ఫిర్యాదూ లేదని రాసివ్వండి" అన్నారు చూడు, ఆ రోజు. ఆవిడ రాసిచ్చింది. నీకు పదిహేనేళ్ళు పడాల్సింది పదకొండేళ్ళు పడడానికి ఆ కాగితం పనికొచ్చింది. దాంతో అందరం ఒకే పొరపాటు పడ్డాం. ఆ గుర్రంతో అన్ని లెక్కలూ చెల్లిపోయాయనుకున్నాం. మీ అన్నయ్య అనుకున్నాడు, నువ్వనుకున్నావు, నేనూ అనుకున్నాను.

ఉల్కాన్ నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. రొట్టె తెచ్చి ముందు పెట్టింది.

"వదినా, ఇల్లు అమ్మేస్తున్నారు," అన్నాను.

"విన్నాను. నా వాటా మేరిమ్‌కి వదిలేశాను. నోటరీ దగ్గర సంతకం కూడా పెట్టి వచ్చాను. ఇంకేం చెయ్యను?"

"కోర్టుకి వెళ్ళలేవా?"

అప్పుడు ఆవిడ నావైపు సూటిగా చూసింది. "మీ పెద్దమనుషుల ముందు రొట్టె మీద చెయ్యి వేసి మాటిచ్చాను వదినా. మీ ఇంటి మనిషి మీద మళ్ళీ కోర్టుకి వెళ్ళనని. గుర్రాన్ని తీసుకున్నాను, నా కోపం పక్కన పెట్టాను. నా కూతుర్ని పక్కన పెట్టలేదు. కానీ మాట మాటే. నా నోరు కట్టేశారు." రొట్టె నావైపు జరిపి, "నీ నోరు ఎవరూ కట్టలేదు కదా?" అంది.

ఎర్మెక్, కేసు వేసింది మీ అత్తగారు కాదు. నేను.

సగిన్‌కి మొదటినుంచీ తెలుసు. కన్నతల్లే వేసిందని నీకు చెప్పడానికి నోరు రాక "ఎవరో" అన్నాడు. మేరిమ్‌కి చట్టం ప్రకారం సంరక్షకురాలిని నేనే కాబట్టి దాని తరఫున నేను తప్ప వేసేవాళ్ళు లేరు. పట్నంలో ప్రభుత్వం తరఫున ఉచితంగా చూసే లాయరు ఉంది, నాజిరా అని, ఏడో నెల గర్భిణి. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, నా మాటలన్నీ విని, "పెద్దమ్మా, ఇది చాలా తేలికైన కేసు," అంది.

"నాకు తేలిగ్గా లేదమ్మా," అన్నాను.

"చట్టం సంగతి చెబుతున్నాను. మనిషి ప్రాణం కావాలని తీసినవాడికి ఆ మనిషి ఆస్తిలో వాటా రాదు. కావాలనే తీశాడని మనం మళ్ళీ సాక్షుల్ని తెచ్చి రుజువు చెయ్యక్కర్లేదు. ఆయనకి శిక్ష వేసిన తీర్పు ఉంది కదా, అదే సాక్ష్యం. దాని ప్రతి ఒకటి కావాలి. ఎక్కడుందో తెలుసా?"

తెలుసు. శిక్ష వేసిన రోజున నిన్ను వ్యాన్ ఎక్కించే ముందు నీ ప్రతి నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది దాచు, ఎవరికీ చూపించకు" అన్నావు. దాచాను. నా పెళ్ళి పెట్టె అడుగున, పరుపుల కింద పెట్టి పైన ఎనిమిది బొంతలు మడిచి పెట్టాను. రష్యన్‌లో ఉంది, నాకొచ్చే రష్యన్ బజార్లో ఉల్లిపాయలు బేరమాడడానికి సరిపోతుంది. అందులో ఏం రాసుందో ఎప్పుడూ విప్పి చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు.

ఆ బొంతలు ఒక్కొక్కటే దింపడానికి నాకు మూడు రోజులు పట్టింది. బరువెక్కి కాదు. రోజూ రెండు దింపి, మళ్ళీ ఎక్కించేదాన్ని. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలా ఉండేది నా పని. కాగితం బయటికి తీస్తే నువ్వు దాచమన్నది తీసినట్టు. తీయకపోతే ఆ పిల్ల టైర్ల మధ్య నుంచి వాళ్ళమ్మ సామాను మోసుకెళ్ళినట్టు. మూడో రోజు మేరిమ్ వచ్చి, "నానమ్మా, ఏం వెతుకుతున్నావ్, నేను సాయం పట్టనా?" అంది. "వద్దు తల్లీ, దొరికింది," అన్నాను. మర్నాడు బస్సెక్కి వెళ్ళి నాజిరా చేతికిచ్చాను. ఆ తీర్పు అమల్లోకి వచ్చిందని దాని మీద ముద్ర వేయించి, కోర్టులో పెట్టింది.

పోయిన శుక్రవారం విచారణ. గుమాస్తా అమ్మాయి పేర్లు పిలుస్తూ నా దగ్గర ఆగింది.

"ప్రతివాదికి మీరేమవుతారు?"

"తల్లిని."

"అయితే ఇటు కూర్చున్నారేంటండీ? ప్రతివాది వైపు వాళ్ళు అటు."

"నేను ఇటువైపేనమ్మా. వాడి కూతురి తరఫు."

ఆ పిల్ల కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూసింది. అటువైపు బెంచీ మీద సగిన్ ఒక్కడే టోపీ చేతుల్లో నలుపుకుంటూ కూర్చున్నాడు. నా ఇద్దరు కొడుకుల పక్షం ఎదురుగా ఉంది, నేను ఇవతల ఉన్నాను. అలా కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

జడ్జి నా వయసు ఆడమనిషే. సగిన్ లేచి చెప్పాల్సిందంతా చెప్పాడు. బాగానే చెప్పాడు. "జడ్జిగారూ, వాడు తాగి ఉన్నాడు. చంపాలని చెయ్యలేదు. ఆ సంగతి మీరు మళ్ళీ విచారించండి," అన్నాడు.

"అది తేల్చాల్సిన కోర్టు తేల్చింది, పై కోర్టు ఖాయం చేసింది," అందావిడ. "ఏం జరిగింది, ఎవరు చేశారు అన్నది నేనిక్కడ మళ్ళీ తవ్వకూడదు. నేను చూడాల్సింది ఒక్కటే. చేసినవాడికి ఆమె ఇంట్లో వాటా వస్తుందా, రాదా?"

సగిన్ అప్పుడు రాజీ కాగితం తీశాడు, ఏడుగురు పెద్దమనుషుల సంతకాలతో. "ఆమె తల్లి మన్నించిందమ్మా. గుర్రాన్ని కూడా తీసుకున్నారు."

జడ్జి ఆ కాగితం పూర్తిగా చదివింది. కోప్పడలేదు. "బాబూ, ఇది మంచి పనే. ఊళ్ళో పగలు లేకుండా చేస్తుంది. కానీ ఈ విషయంలో చట్టం ఒక్క మనిషి మన్నింపునే లెక్కలోకి తీసుకుంటుంది. దెబ్బతిన్న మనిషి బతికి, ఆ తర్వాత కూడా నా ఆస్తి వీడికే అని తన చేత్తో రాసిస్తే, అప్పుడు వాడు వారసుడే. జిపార్ అలా రాసిచ్చిందా?"

సగిన్ చెయ్యి చాచి ఆ కాగితం వెనక్కి తీసుకున్నాడు. కూర్చున్నాడు.

తర్వాత నీ తీర్పుని చదివించారు. అనువాదం చేసే అమ్మాయి ఒక్కో వాక్యం మన భాషలో చెబుతోంది. నీ పేరు వచ్చిన చోటల్లా పళ్ళు బిగించాను. అలా నాలుగో పేజీకి వచ్చింది. "హతురాలితో కలిసి తివాచీలు కుట్టే సాక్షి చెప్పినది ఏమనగా, ఘటనకు మూడు రోజుల ముందు హతురాలు పై ఊళ్ళో ఉన్న తన అత్తగారి వద్దకు వెళ్ళినది. అప్పటికే ఆమె ముఖముపై కమిలిన గాయము ఉన్నది. అత్తగారు ఆమెను ఆ రోజే తిరిగి భర్త వద్దకు పంపినది."

ఎర్మెక్, ఆ తీర్పులో నీ పేరొక్కటే లేదు. నేనూ ఉన్నాను.

నీ విచారణకి నేను ఆఖరి రోజు మాత్రమే వచ్చాను, ఆ రోజు చదివిందంతా రష్యన్‌లోనే. తల్లినని నన్ను సాక్ష్యానికి పిలవలేదు. అందుకని ఆ వాక్యం అందులో ఉందని నాకు తెలియదు. ఆ సంగతి ఎవరికీ తెలియదనే అనుకుంటూ రెండున్నరేళ్ళు గడిపాను. నువ్వు విచారణలో విని కూడా నాతో అనలేదేమో.

జిపార్ వచ్చింది నాయనా. చిన్న సంచీతో వచ్చింది. తలగుడ్డ చెంప మీదికి లాక్కుని ఉంది. టీ పోస్తే తాగలేదు.

"అత్తయ్యా, నాలుగు రోజులు ఇక్కడ ఉంటాను. మేరిమ్‌ని అమ్మ దగ్గర వదిలి వచ్చాను," అంది.

"ఉంటే ఊరు ఏమంటుంది? రాయి పడ్డ చోటే బరువు, పెళ్ళాం మొగుడి దగ్గరే ఉండాలి తల్లీ," అన్నాను. మా అత్త నాకు చెప్పిన మాట, ఆవిడకి వాళ్ళ అత్త చెప్పిన మాట.

"ఈసారి నాకు భయంగా ఉందత్తయ్యా."

"వాడు నా కొడుకు, నాకు తెలీదా? తాగుడు దిగితే వాడంత మెత్తనివాడు లేడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. వెళ్ళు, వెళ్ళి వేడివేడిగా ఏదన్నా వండిపెట్టు."

లేచింది. తలగుడ్డ ముడి జారిపోతుంటే నేనే కట్టాను. సంచీ నేనే మోశాను. వ్యాన్ ఆపి నేనే ఎక్కించాను. డ్రైవరుతో "మా కోడలు, జాగ్రత్తగా ఇంటి దగ్గర దింపు" అని కూడా చెప్పాను. మూడు రోజుల తర్వాత ఏం జరిగిందో నేను నీకు చెప్పాల్సిన పని లేదు.

చెయ్యి ఎత్తింది నువ్వు. అది నీది, నీ బదులు దాన్ని నేను మొయ్యలేను, మొయ్యను. కానీ ఆ పిల్ల తప్పించుకుని వచ్చింది, దాన్ని మళ్ళీ నీ చేతికి అందించింది నేను. కోర్టులో ఆ వాక్యం చదివాక జడ్జి నావైపు చూసి, "ఆ అత్తగారు మీరేనా పెద్దమ్మా?" అంది. "నేనేనమ్మా. ఈ మాట నన్నెవరైనా అడుగుతారేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను, అడగడం లేదేమని కూడా బాధపడ్డాను," అన్నాను. అక్కడే ఏడ్చాను. సగిన్ అటు బెంచీ మీంచి లేచివచ్చి నా పక్కన కూర్చున్నాడు. గుమాస్తా పిల్ల అటు కూర్చోమని చెప్పబోతే జడ్జి చేత్తో వారించింది.

తీర్పు మేరిమ్‌కే వచ్చింది. నువ్వు ఆ ఇంటికి వారసుడివి కాదు. ఇల్లంతా దాని పేరునే రాస్తారు. పెద్దయ్యేదాకా అమ్మడానికి నాక్కూడా వీల్లేదు. సగిన్ నన్ను కారులో తీసుకొచ్చాడు. ఇంటికి వచ్చాక చొక్కా చేతులు పైకి మడిచి, బంగాళాదుంప బస్తాలన్నీ నేలమాళిగలోకి మోసి, వంటింటి తలుపు మడతబందు బాగుచేసి వెళ్ళాడు. టేపాయనకి వాడే కబురు పెట్టేశాడట.

ఆ మధ్యాహ్నమే మేరిమ్‌ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. నీ మీద కేసు వేసిన సంగతి, ఇల్లు దానిదైన సంగతి చెప్పాను. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చిన సంగతి, నేను పంపేసిన సంగతి కూడా చెప్పాను. పన్నెండేళ్ళ పిల్లకి ఎందుకు చెప్పావంటావేమో. ఆ కాగితం దాని కేసులో ఉంది. ఇంకో నాలుగేళ్ళకి అదే తీసి చదువుకుంటుంది. నా నోటి నుంచి వినడం మంచిదనిపించింది.

అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, ఆవుకి గడ్డి వేసింది, బడికి వెళ్ళింది. నేను ఇంట్లో ఉండనా, పై ఊరు వెళ్ళిపోనా అని అడుగుదామనుకున్నాను, నోరు రాలేదు. అది వెళ్ళమంటే ఎలా అని భయం. నిన్న బడి నుంచి వచ్చి వెనక గదిలో తివాచీ ముందు కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి కత్తెర కింద పెట్టింది.

"నానమ్మా, నేను పెద్దయ్యాక ఎప్పుడన్నా ముఖం మీద దెబ్బతో వస్తే, నన్నూ పంపించేస్తావా?"

"ఎక్కడి నుంచి ఎక్కడికి పంపుతానే? ఇల్లు నీది. తలుపు తీసేదీ వేసేదీ నువ్వు. నేనుండాలో పోవాలో చెప్పేది కూడా నువ్వే."

లెక్కల పిల్ల కదా, ఏదీ వెంటనే చెప్పదు. తర్వాత సూది నా చేతికిచ్చి, "నా కళ్ళు లాగుతున్నాయి, దారం ఎక్కించి పెట్టు," అంది. నా కళ్ళకేనా దారం ఎక్కేది! అయినా కూర్చున్నాను. తొమ్మిదిసార్లు తప్పింది, పదోసారి ఎక్కింది. అప్పటిదాకా అది పక్కనే కూర్చుని చూసింది, తీసుకోలేదు.

సగిన్ ఈ ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. మేజోళ్ళు, కొవ్వు సీసా కూడా వాడే తెస్తాడు. వాడి దగ్గర ఇంకో కాగితం కూడా ఉంటుంది, అప్పీలు కాగితం. తీర్పు నీకు అందిన రోజు నుంచి నెల గడువట. పెద్దకొడుకుగా తమ్ముడికి అది చూపించడం తన బాధ్యత అన్నాడు, నేను వద్దనలేదు. సంతకం పెట్టేదీ పెట్టనిదీ నీ ఇష్టం. నా కోసం మానుకోమని అడగను. నువ్వు పెట్టినా నెలనెలా పార్సెల్ వస్తుంది, పెట్టకపోయినా వస్తుంది, నువ్వు నా కడుపున పుట్టావు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ ఇల్లు నా కూతురికే ఉండనివ్వండి అని నీ చేత్తో రెండు ముక్కలు రాసి పంపగలిగితే పంపు. అది నాకు రాయకు, దానికి రాయి. మిగతావాటితోపాటు అలమరలో పెడతాను.

నువ్వు బయటికొచ్చాక ఎక్కడికి వెళ్ళాలని దిగులు పెట్టుకోకు. పై ఊళ్ళో నా గది ఉంది, పొయ్యి ఉంది, బతికి ఉంటే నేనూ ఉంటాను. అక్కడికి రా, తలుపు నేనే తీస్తాను. మరి కొచ్కోర్‌లో ఈ ఇంటికి రావచ్చా అంటే నాకు తెలియదు. అది మీ అమ్మ ఇల్లు కాదు. నువ్వు మేరిమ్‌ని అడగాలి, అది పెద్దదయ్యాక, దాని గుమ్మం బయట నిలబడి. అప్పటిదాకా నీకు ఎనిమిదేళ్ళ టైముంది, ఏమని అడగాలో నేర్చుకోవడానికి. నాకూ అంతే ఉంది. నేను ఈపాటికి మొదలుపెట్టాను.

ఇట్లు,
నీ మీద కేసు వేసిన, నీ కోసం మేజోళ్ళు అల్లిన
మీ అమ్మ,
బాత్మా.